అద్దకపు రంగులు – మరపు వ్యాధి

బందరు నుండి గుడివాడకు రైలులో పోవువారికి త్రోవలో పెడన తగులును. అచ్చటి అద్దకపు కార్ఖానాలలో నేటికిని జరుగుచున్న పని నొకదానిని మీలో పలువురు చూచియే యుందురు. నేతబట్టను కరక్కాయ రసమునందును గేదెపాలయందును తడిపి యారవేయుదురు. నల్లని గీతలకు, ఇనుపముక్కలను బెల్లపు నీటిలో కొన్నాళ్లు నానవేసి తీసిన కసిమును కొయ్య అచ్చుతో అద్దుదురు. ఎరుపు రావలసిన తావున మాత్రము వట్టి పటికనీటినే అద్దుదురు. పటికకు రంగు లేదు. ఎచ్చట అద్దినదియు అద్దువానికి కనబడుటకై అందు చిటికెడు రంగు కలుపుకొనుట వేరు మాట. ఆరిన పిమ్మట బట్టను కాలువలోని పారునీట ఉతికి, రంగువేరు వేసి మరుగుచున్న కాగులో ముంచుదురు. బట్ట యంతయు ఆ నీటనే మునుగును. ఎరుపు మాత్రము పటిక యున్నచోటనే నిలుచును. తక్కిన చోట్ల పట్టిన రంగు ఉతుకునకును ఎండకును వెలిసిపోవును.

కంటికి కనబడని పదార్థము నొక దానిని రంగు పట్టించి కనుగొను నీ విద్య, మనుష్యుని మెదడులోని యొక వ్యాధిని గుర్తించుటకు తోడ్పడిన చరిత్రయే నేటి ప్రసంగమునకు విషయము. ఆ వ్యాధి పేరు ఆల్జైమరు. దాని తొలి గురుతులను జీవించియున్న మనుష్యునియందే పట్టుకొనుటకు వైద్యులకు ఇంచుమించు నూరేండ్లు పట్టినది.

బందరు రేవునకు ఒకప్పుడు ప్రపంచమున పేరు తెచ్చినది ఎరుపు రంగు. డచ్చివారు 17వ శతాబ్దపు తొలి సంవత్సరములలోను, ఇంగ్లీషువారు 1611లోను ఇచ్చట వర్తకస్థానములు నెలకొల్పుటకు ముఖ్యకారణము మన తీరపు అద్దకపు బట్టలే. ఆ యెరుపునకు ఆధారము చిరివేరు. ఇసుకనేలలలో పెరుగు చిన్న మొక్క యిది. దాని వేరు లోతునకు దిగి, సన్నగా, పొడవుగా ఉండును. ఆ శతాబ్దముననే బందరున నివసించిన ఆంగ్ల వర్తకుడు విలియం మెత్వోల్డు తన వ్రాతలలో ఈ వేరును ప్రత్యేకముగా పేర్కొనెను. చిరివేరునందలి రంగుద్రవ్యమునకు రసాయనశాస్త్రజ్ఞులు అలిజరిన్ అని పేరిడిరి. 1868లో జర్మనీలో గ్రేబె, లీబర్మాన్ అను నిరువురు దానిని ప్రయోగశాలలో తయారుచేసిరి. కొలది యేండ్లలోనే కార్ఖానా అలిజరిన్ డబ్బాలలో మన తీరమునకు వచ్చెను. చిరివేరు త్రవ్వువారికి పని తగ్గెను. మన జిల్లా చరిత్రలో ఇది యొక నష్టపు అధ్యాయము. ఆ కార్ఖానాలే మరియొక చోట చేసిన మేలును గూర్చి మాత్రము మనవారు అంతగా చెప్పుకొన్నట్లు కనబడదు.

1901 నవంబరు 25వ తేదీన జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు పట్టణపు మానసిక చికిత్సాలయమున అగస్టె డేటర్ అను 51 ఏండ్ల స్త్రీని చేర్చిరి. భర్తయందు అకారణమైన అనుమానము, వస్తువులను ఎచ్చటనో దాచి మరచుట, ఇంటిలోనే దారి తప్పుట ఆమె లక్షణములు. ఆమెను పరీక్షించిన వైద్యుడు ఆలోయిస్ ఆల్జైమరు. తన పేరు వ్రాయుమనగా ఆమె కొంత వ్రాసి మిగిలినది మరచెడిది. తన్ను తాను పోగొట్టుకొంటినని వాపోయెడిది. ఈ ప్రశ్నోత్తరములను అతడు తన చేతితో వ్రాసియుంచెను. ఆ కాగితముల కట్ట ఎచ్చటనో మరుగుపడి 1995లో తిరిగి దొరకినది. 1906 ఏప్రిలులో ఆమె మరణించెను. అప్పటికి మ్యూనిచ్ నగరమున నున్న ఆల్జైమరు ఆమె మెదడును తెప్పించుకొని, పలుచని పొరలుగా కోసి, వెండిలవణముతో రంగు పట్టించెను. ఆ పద్ధతిని బీల్షోవ్‌స్కీ యను నతడు కొలది యేండ్లకు పూర్వమే కనిపెట్టియుండెను. సూక్ష్మదర్శినిలో రెండు వింతలు కనబడినవి: నరకణముల వెలుపల మచ్చలవలె పేరుకొనిన పదార్థమొకటి, కణముల లోపల చిక్కువడిన దారపుండల వంటి పోగులు రెండవది. 1906 నవంబరు 3వ తేదీన ట్యూబింగెన్ పట్టణపు వైద్యసభలో అతడు ఈ సంగతిని విన్నవించెను. సభలో నొక్కరైనను ప్రశ్న వేయలేదట. 1910లో క్రెపెలిన్ తన గ్రంథమున ఈ వ్యాధికి ఆల్జైమరు పేరు పెట్టెను. ప్రాగ్ నగరమున ఆస్కర్ ఫిషర్ అను మరియొక వైద్యుడు 1907లోనే, ముదిమిలో మతి తప్పిన 16 మందిలో 12 మంది మెదళ్లయందు అట్టి మచ్చలను చూపియుండెను గాని, అతని పేరు మరుగున పడినది.

ఆ మచ్చలలోని పదార్థ మేమి? ఇచ్చటనే అద్దకపు రంగులు ప్రవేశించినవి. 1883లో జర్మన్ రసాయనజ్ఞుడు పౌల్ బోటిగర్ ఒక యెర్రరంగును కనుగొనెను. పటిక వంటి రంగుబంధకము లేకయే నూలుబట్టకు నేరుగా పట్టుట దాని గొప్పతనము. ఐరోపా రాజ్యములు బెర్లిన్ నగరమున కూడి ఆఫ్రికాను పంచుకొనుచున్న రోజులవి. వార్తాపత్రికలలో ఎచ్చట చూచినను కాంగో పేరే. వర్తకులు రంగునకు ఆ పేరే తగిలించి కాంగో రెడ్ అనిరి. 1922లో బెన్‌హోల్డు అను వైద్యుడు ఈ రంగు, శరీరములో అమిలాయిడు అను మాంసకృత్తు పేరుకొనిన చోటనే పట్టుచున్నదని కనుగొనెను. 1927లో బెల్జియం దేశస్థుడు పౌల్ దివ్రీ దానిని మెదడులోని మచ్చలపై ప్రయోగించి, అవియు అమిలాయిడే యని తేల్చెను. 1959లో థయోఫ్లేవిన్ అను మరియొక అద్దకపు రంగు గూడ అదే పని చేయునని తెలిసినది. పటిక యున్నచోటనే చిరివేరు ఎరుపు నిలిచినట్లు, మాంసకృత్తు మడతలు పడి అతుకుకొనిన చోటనే ఈ రంగులు నిలుచును.

అయితే ఈ పరీక్ష లన్నియు మరణానంతరము చేయునవి. బ్రతికియున్నవానికి ఈ వ్యాధి కలదా లేదా యను ప్రశ్నకు, మాటలు అడిగి, నడవడి చూచి, తక్కిన కారణములను త్రోసిపుచ్చి, బహుశః కలదు అని చెప్పుట తప్ప వైద్యునికి వేరు మార్గము లేదు. పైగా వృద్ధులకు కలుగు మరపును లోకము వ్యాధిగా నెంచలేదు. మన భాషలోను చాదస్త మను మాట యొకటి సిద్ధముగా నుండెను. 1968లో ఇంగ్లాండునందలి న్యూకాసిల్ నగరమున బ్లెస్సెడ్, టామ్లిన్సన్, రాత్ అనువారు వృద్ధుల మెదళ్లను పరిశీలించి, మచ్చలు ఎంత హెచ్చుగా నున్న బ్రతికినప్పటి మతిలోపము అంత హెచ్చుగా నుండెనని చూపిన పిమ్మట గాని, ముసలితనపు మరపులో పెద్దభాగము ఆల్జైమరు కనుగొనిన వ్యాధియేనను సంగతి వైద్యులకు మనసున పట్టలేదు. 1984లో గ్లెనర్, వాంగ్ అనువారు అమిలాయిడు నిర్మాణమును విడదీసిరి. కణముల లోపలి పోగులు టౌ అను మరియొక మాంసకృత్తు అని మరి రెండేండ్లలో స్థిరపడినది.

ఈ చరిత్రను నేను చదువ మొదలిడుటకు కారణము మా మేనమామగారు. వారు గుడివాడలో స్థిరపడినవారు. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెననాటి రాత్రి వారు దివిసీమలో కోడూరు దగ్గరి బంధువుల యింట నుండిరి. సుమారు 10,000 మందిని పొట్టనబెట్టుకొనిన ఆ రాత్రిని గూర్చి వారు గడియ గడియకును వర్ణించి చెప్పెడివారు: గాలి ఏ వేళకు దిక్కు మారినదో, నీరు ముందుగా ఏ గోడను కూల్చినదో, తెల్లవారిన పిదప ఎవరి పశువుల కళేబరములు ఏ చెట్టునకు చిక్కుకొనియున్నవో, అన్నియు. అట్టి మనిషి 2010 ప్రాంతమున, ఒక్క ఉదయమున, మా అత్తగారిని నాలుగు మారులు, నేడు ఏమి వారమని యడుగ నారంభించెను. ఇంటివారికి భయము కలుగలేదు. ముప్పదియేండ్ల నాటి ముచ్చట అంత చక్కగా చెప్పగలవానికి మతిమరుపేమిటి యనిరి. నేను గూడ అట్లే యంటిని. మేము పొరపడితిమి. పాత జ్ఞాపకములు చాలకాలము చెక్కుచెదరక యుండి, కొత్త సంగతిని నిలుపుకొను శక్తి ముందుగా పోవుటయే ఈ వ్యాధి స్వభావము. వైద్యుని యొద్దకు కొనిపోవుసరికి మూడేండ్లు గడచినవి.

తిరిగి రంగుల కథకు వత్తము. మెదడునకును రక్తమునకును నడుమ గట్టి కాపలా కలదు. కాంగో రెడ్ గాని థయోఫ్లేవిన్ గాని నరములోనికి ఎక్కించినను ఆ కాపలాను దాటి చాలినంతగా లోనికి పోజాలవు. అమెరికాలోని పిట్స్‌బర్గు విశ్వవిద్యాలయమున విలియం క్లంక్, చెస్టర్ మాథిస్ అను నిరువురు ఏండ్ల తరబడి ఈ చిక్కుతో పెనగులాడిరి. మొదట కాంగో రెడ్ జాతి రంగులను మార్చి చూచిరి. పిదప థయోఫ్లేవిన్ అణువును చేపట్టి, దానియందలి విద్యుదావేశమును తొలగించి, చిన్నదిగా మలచిరి. దానికి రేడియోధార్మిక కార్బనును జతపరచి, స్వీడన్ దేశపు ఉప్సాలా నగరమున 2002లో తొలిసారిగా రోగికి ఎక్కించిరి. అది మెదడులో అమిలాయిడు ఉన్నచోటనే అతుకుకొనెను. వెలుపలి యంత్రము దాని కిరణములను పట్టి చిత్రము గీసెను. 16 మంది రోగుల చిత్రములు 2004లో ప్రకటింపబడినవి. శవపరీక్ష లేకయే ఆల్జైమరు మచ్చలను చూచుట దీనితో సాధ్యమైనది. ఆ కార్బను 20 నిమిషములకే సగము క్షీణించును గావున, దానిని పుట్టించు యంత్రము ఆస్పత్రి ప్రక్కనే యుండవలయును. 110 నిమిషములకు సగమగు ఫ్లోరిన్‌తో చేసిన ద్రవ్యమునకు 2012లో అమెరికా ప్రభుత్వపు అనుమతి లభించినది. దీనినే పెట్ చిత్రణ మందురు. వ్యయము మిక్కిలి హెచ్చు. గుడివాడ వంటి పట్టణములవారు పెద్ద నగరములకు పోక తప్పదు.

రెండవ మార్గము నీటిది. మెదడు, వెన్నుపాముల చుట్టును తేటనీటి వంటి ద్రవ మొకటి తిరుగుచుండును. నడుమునకు సూది వైచి కొంచెము తీయవచ్చును. ఆల్జైమరు రోగులలో ఈ ద్రవమునందు ఒక రకపు అమిలాయిడు తగ్గియుండునని 1995లో తెలిసినది. మెదడులో హెచ్చినది ద్రవములో తగ్గుట యేమని మీకు తోచవచ్చును. దివిసీమ రైతునకు దీనిని వివరింప నక్కరలేదు. ఎగువ కాలువలో గుర్రపుడెక్కయు పూడికయు అడ్డుపడిన, దిగువ శివారు చేలకు నీరు తగ్గును. అట్లే అమిలాయిడు మెదడులోనే పేరుకొని చిక్కుకొనుటచేత దిగువకు వచ్చునది తగ్గుచున్నది. టౌ మాత్రము ఇందులకు భిన్నముగా ద్రవములో హెచ్చును.

ఇట్టి సూచనలకు జీవసూచికలని పేరు. వీనిలో సామాన్య కుటుంబమునకు అందుబాటులోనికి రాదగినది మూడవది, రక్తపరీక్ష. మెదడు నుండి రక్తములోనికి జారు టౌ అత్యల్పము. ఒక గ్రామును లక్షకోట్ల భాగములు చేసి, అట్టి కొలది భాగములను ఒక మిల్లీలీటరులో లెక్కించుటకు తగిన సాధనములు ఇటీవలనే పుట్టినవి. టౌ మాంసకృత్తునందు 217వ స్థానమున ఫాస్ఫేటు చేరిన రూపమును కొలిచిన, ఆల్జైమరును ఇతర మతిలోపముల నుండి చక్కగా వేరుపరుపవచ్చునని 1,402 మందిపై జరిగిన పరిశీలన 2020లో చూపినది. కొలంబియా దేశమున వంశపారంపర్యముగా ఈ వ్యాధి వచ్చు కుటుంబములలో ఈ సూచిక, లక్షణములు తోచుటకు సుమారు ఇరువదియేండ్ల ముందే పెరుగ నారంభించినట్లు అందే వెల్లడియైనది. 2025 మే నెలలో అమెరికా ప్రభుత్వము ఇట్టి రక్తపరీక్ష కొకదానికి తొలిసారిగా అనుమతి నొసగినది. అది 55 ఏండ్లు నిండి, మరపు లక్షణములు కనబడినవారికి, నిపుణుల యొద్ద మాత్రమే చేయదగినది. 499 నమూనాలపై చూడగా, కలదని చెప్పినవారిలో 91.7 శాతమునకు నిజముగనే మచ్చలు ఉన్నవి. లేదని చెప్పినవారిలో 97.3 శాతమునకు లేవు. ఐదింట నొక వంతునకు లోపుగా ఎటును తేలలేదు. అట్టివారికి పెట్ చిత్రణయో నడుము సూదియో తప్పదు.

ఇచ్చట ఒక హెచ్చరిక. మెదడులో అమిలాయిడు ఉండుటయు వ్యాధి ఉండుటయు ఒకటి గాదు. డెబ్బదియేండ్ల వయసున, మతి చక్కగా నున్నవారిలో గూడ ఇంచుమించు నలుగురిలో ఒకరికి అది కనబడును. వారిలో కొందరికి మరపు ఎన్నటికిని రాకపోవచ్చును. కావున ఏ బాధయు లేని వృద్ధుడు ఉత్సుకతకై ఈ పరీక్ష చేయించుకొనుట తగదని నా యభిప్రాయము. వైద్యుల సలహాయు ఇదియే. మూత్రపిండముల వ్యాధి కలవారి రక్తములో ఈ టౌ పేరుకొని హెచ్చుగా కనబడవచ్చును. ఉద్దానము మొదలు అనేక ప్రాంతములలో మూత్రపిండ రోగులు పెక్కుమంది కల మన రాష్ట్రమున ఈ సంగతి గుర్తుంచుకొనదగినది. ఇంతకంటె ముందు, ఖరీదు లేని పరీక్షలు కొన్ని కలవు. థైరాయిడు గ్రంథి మందగించుట, బి12 విటమిను లోపించుట, దిగులు, చెవుడు, నిద్రమాత్రలు, తలకు తగిలిన పాత దెబ్బవలన లోపల చేరిన నెత్తురు – ఇవి యన్నియు మతిమరుపు వేషము వేయగలవు. వీనిలో చాలవరకు కుదురునవి. వీనిని చూడకయే ఆల్జైమరు ముద్ర వేయుట ఆ వృద్ధునికి చేయు అన్యాయము.

కాగితముపై ప్రశ్నలతో చేయు పరీక్షలకు మన దేశమున మరియొక చిక్కు కలదు. అక్షరములు రానివానిని బొమ్మ గీయుమని, వాక్యము వ్రాయుమని యడిగి, మార్కులు తక్కువ వచ్చినవని రోగి యనరాదు గదా. అందుచేత ఇంగ్లీషు పరీక్షలను మన నుడికారమునకు తగినట్లు మార్చు కృషి జరిగినది. భారత వైద్య పరిశోధన మండలి సిద్ధపరచిన పరీక్షల సంపుటి ఐదు భాషలలో నున్నది, వానిలో తెలుగు ఒకటి. హైదరాబాదు నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో సువర్ణ అల్లాడియు ఆమె సహచరులును 648 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన ఫలితము లోకము నాకర్షించినది. రెండు భాషలు మాటలాడువారికి వ్యాధిలక్షణములు, ఒకే భాష వచ్చినవారికంటె నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా తోచినవి. చదువురానివారిలో గూడ ఈ తేడా కనబడినది. తెలుగుతోపాటు ఉర్దూయో హిందీయో నిత్యము వాడు ఆ నగరమే అట్టి పరిశీలనకు తగిన స్థలము. రెండవ భాష నేర్చిన వ్యాధి రాదని దీనికి అర్థము కాదు; ఆలస్యమగుటకు అది తోడ్పడి యుండవచ్చు నని మాత్రమే. తెలుగు పల్లెపట్టున మరియొక పెద్ద పని కర్ణాటకములోని కోలారు జిల్లా శ్రీనివాసపురమున 2018 నుండి నడచుచున్నది. బెంగుళూరులోని మెదడు పరిశోధన కేంద్రమువారు 45 ఏండ్లు దాటిన పదివేలమందిని చేర్చుకొనవలెనను సంకల్పముతో, గ్రామస్థుల జ్ఞాపకశక్తిని, రక్తమును, మెదడు చిత్రములను ఏండ్ల తరబడి చూచుచున్నారు. జీవసూచికల అంకెలు ఇంతవరకు ఎక్కువగా తెల్లజాతివారిపై కట్టినవి. మన పల్లెవారికి అవి ఎంతవరకు సరిపోవునో ఇట్టి పనులే తేల్చవలయును. దేశము మొత్తమున అరువదియేండ్లు దాటినవారిలో 7.4 శాతమునకు, అనగా సుమారు 88 లక్షలమందికి, మతిలోపము కలదని 2023లో ప్రకటించిన అంచనా.

ముందుగా తెలిసిన లాభ మేమని అడుగువారు కలరు. ఇరువదియేండ్లకు పైగా వాడుకలోనున్న డొనెపెజిల్ వంటి మాత్రలు లక్షణములను కొంత సవరించును గాని వ్యాధిని ఆపవు. 2023లో అమెరికాలో పూర్తి అనుమతి పొందిన లెకానెమాబ్ అను మందు మెదడులోని అమిలాయిడును తొలగించును. 1,795 మందిపై 18 నెలలు జరిగిన పరీక్షలో, వ్యాధి ముదురుట సుమారు 27 శాతము మందగించినది, ఆగలేదు. ఆ పరీక్షలో దీనిని రెండు వారముల కొకమారు నరములోనికి ఎక్కించిరి. ఇంచుమించు ఎనిమిదిమందిలో ఒకరికి మెదడు వాచినట్లు చిత్రములలో కనబడెను. కొందరికి లోపల నెత్తురు చెమ్మగిల్లెను. తొలిదశలో నున్నవారికే ఇది పనిచేయును. జీవసూచికతో నిర్ధారణ లేనిదే ఇయ్యరాదు. దీనిని నేను తక్కువ చేయను, ఎక్కువయు చేయను. రక్తపోటు, మధుమేహము, వినికిడి లోపము, చూపు లోపము, పొగత్రాగుడు మొదలగు పదునాలుగు కారణములను జీవితమంతయు అదుపులో నుంచిన, లోకములోని మతిలోపములో 45 శాతము వరకు నివారించుటయో ఆలస్యపరచుటయో సాధ్యమని 2024లో ఒక అంతర్జాతీయ వైద్యసంఘము లెక్కగట్టినది. అందు చాలవరకు బందరులోని సామాన్య వైద్యుడే చూడగలడు.

మా మేనమామగారి కాలమున ఈ రక్తపరీక్ష లేదు. అయినను ఆ మూడేండ్లు మేము కోల్పోకుండిన, కొన్ని సంగతులు వేరుగా జరిగెడివి. పొలము పత్రములపై వారు తెలిసి సంతకము చేయగల దినములలోనే ఆ పని ముగిసెడిది. పోయిన డబ్బునకు పాలేరును అనుమానించి పంపివేసియుండెడివారము గాము. ఆ డబ్బు తరువాత బియ్యపు డబ్బాలో దొరకినది. వ్యాధి యని వైద్యులు చెప్పిన పిమ్మట, మా అత్తగారు మొదట చేసిన పని వీధి తలుపు గొళ్లెమును పైకి మార్పించుట. రెండవది వారి చొక్కాజేబులో ఇంటి చిరునామా కుట్టించుట. ఒకనాటి మధ్యాహ్నము వారు గొళ్లెము తీయించుకొని బయలుదేరి, బస్సుల స్టాండున కూర్చుండి, కోడూరు బండి ఎప్పుడని అందరిని అడుగుచుండిరి. గాలి దిక్కు మారినదనియు, నీరు వచ్చులోగా బంధువులను లేపవలెననియు చెప్పిరట. జేబులోని చిరునామా చూచి ఎవరో ఇంటికి తెచ్చి దింపిరి.